‘ప్రాసెసింగ్‌లో ఉంది’ అంటున్నారా? ముందు ఆ రద్దు బటన్ సంగతి చూడండి

ఆన్‌లైన్ కాసినోలో గెలిచిన డబ్బు వారాలు గడిచినా ఖాతాలో పడలేదు, రోజుకో కాగితం అడుగుతున్నారు, విశాఖలో ఎవరికి ఫిర్యాదు చేయాలి అని కదా మీ ప్రశ్న. ఫిర్యాదు సంగతి తర్వాత చెబుతాను. మీ విత్‌డ్రాయల్ పక్కన ‘రద్దు’ అనే బటన్ ఉందేమో ముందు చూడండి. ఉంటే దాని జోలికి వెళ్లకండి. ఈ ఆలస్యమంతా ఆ బటన్ మీద మీ వేలు పడటం కోసమేనని నా గట్టి నమ్మకం.

గాజువాకలో నాకు జిరాక్సు, ఇంటర్నెట్ షాపు ఉంది. స్టీల్‌ప్లాంటు కాంట్రాక్టు కార్మికులు, పరవాడ ఫార్మా కంపెనీల పిల్లలు పీఎఫ్ క్లెయిములకు, పరీక్షల దరఖాస్తులకు వస్తుంటారు. కొన్నేళ్లుగా ఈ కాసినోల కేవైసీ కోసం కూడా వస్తున్నారు. అందుకే మాట్లాడుతున్నాను.

ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసే కుర్రాడు ఒకడు రౌలెట్‌లో లక్షా ఎనభై వేలు గెలిచాడు. డబ్బు కట్టించుకునేటప్పుడు ఫోన్ నంబరు తప్ప ఏమీ అడగనివాళ్లు, తీసుకుంటానని అనేసరికి ఒక్కొక్కటిగా మొదలుపెట్టారు. మొదట ఆధార్, తర్వాత పాన్, ఆ తర్వాత పాన్ కార్డును గడ్డం కింద పట్టుకుని ఫొటో. మా షాపు ట్యూబులైటు వెలుగు కార్డు మీద పడి అక్షరాలు కనబడటం లేదని తిప్పి పంపారు. వెనక తెల్ల చార్టు కట్టి, లైటు ఆర్పి, అతన్ని వీధివైపు తిప్పి నిలబెట్టి నేనే మళ్లీ తీశాను. అది ఒప్పుకున్నారు. వెంటనే చిరునామాకు రుజువుగా కరెంటు బిల్లు కావాలన్నారు. అద్దె ఇంట్లో ఉండేవాడికి కరెంటు బిల్లు తన పేరున ఎలా వస్తుంది? ఇంటి యజమాని పేరున ఉందని దాన్నీ తోసిపుచ్చారు.

చివరికి పేరే సరిపోలడం లేదన్నారు. ఇక్కడ నా కడుపుమంట కూడా చెప్పుకోవాలి. ఇతని ఇంటిపేరు పాసుపుస్తకంలో ఒక్క పొడి అక్షరం. ఆధార్‌లో పూర్తిగా, ముందు ఉంది. పాన్‌లో అదే ఇంటిపేరు చివరకు పోయింది. నడుమ ఉన్న ‘వెంకట’ ఒకచోట కలిసి ఉంది, ఇంకోచోట విడిగా ఉంది. పీఎఫ్ దగ్గర, పాస్‌పోర్టు దగ్గర, స్కాలర్‌షిప్పుల దగ్గర మనవాళ్లు దీనితో పడే అవస్థ రోజూ నా కళ్ల ముందే జరుగుతుంది. ఇక్కడైతే అఫిడవిట్ ఇచ్చో, ఆధార్ సరిచేయించో గట్టెక్కవచ్చు. సముద్రాల అవతల కూర్చున్నవాడికి ఏ అఫిడవిట్ చూపిస్తాం? ఇవ్వదలుచుకోని వాడికి మన పేర్లు చాలు, ఇంకో సాకు అక్కర్లేదు.

ఒక రాత్రి షాపు కట్టే వేళకు ఆ కుర్రాడు స్టూలు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. తెర మీద గెలిచిన మొత్తం, దాని పక్కన చిన్న అక్షరాల్లో ‘ప్రాసెసింగ్’, ఆ కిందే బొటనవేలంత వెడల్పున మెరిసే పచ్చ బటన్: రద్దు చేసి ఆట కొనసాగించండి. “అన్నయ్యా, ఎలాగూ ఇవ్వడం లేదు కదా. ఇందులోంచి పది వేలు మాత్రం వెనక్కి తీసి ఆడతాను, మిగతాది అలాగే ఉంటుంది” అన్నాడు. “వద్దు తమ్ముడూ, ఫోన్ జేబులో పెట్టి ఇంటికి వెళ్లు” అన్నాను. మర్నాడు వచ్చేసరికి అరవై వేలే మిగిలింది. లక్షా ఇరవై వేలను ఎవరూ ఎగ్గొట్టలేదు, ఎవరూ లాక్కోలేదు. విసిగించి విసిగించి, అతని చేతులతోనే వెనక్కి ఇప్పించుకున్నారు.

ఇది నా ఊహ అనుకునేవాళ్లు బ్రిటన్ సంగతి చూడండి. అక్కడ జూదం చట్టబద్ధం, దాన్ని అదుపు చేయడానికి ఒక కమిషన్ కూడా ఉంది. విత్‌డ్రాయల్ పెట్టాక దాన్ని రద్దు చేసుకునే వీలును 2021 అక్టోబరు 31 నుంచి అక్కడ పూర్తిగా ఎత్తేశారు. అంతకుముందే, 2019 మే నుంచి, ఆడనివ్వక ముందే పేరు, వయసు, చిరునామా సరిచూడాలని, ముందే అడగగలిగిన కాగితాన్ని డబ్బు ఇచ్చేటప్పుడు అడ్డం పెట్టకూడదని నిబంధన తెచ్చారు. ఈ కుర్రాడికి జరిగినవి సరిగ్గా ఆ రెండే.

మీరు బోనస్ తీసుకుని ఉంటే అది ఇంకో ముడి. అయిదు వేల బోనస్‌కు 35 రెట్ల షరతు ఉందంటే, లక్షా డెబ్బయ్యయిదు వేల రూపాయల పందేలు కాసేదాకా డబ్బు కదలదు. షరతుల పేజీ తెరిచి చూసుకోండి.

ఇక ఫిర్యాదు. కోర్టుకు వెళ్తానంటే, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచిన సొమ్ము కోసం దావా నిలవదు. డబ్బు కాసి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే చట్టం సవరించి నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే నిషేధ చట్టం చేసింది. దాని కింద ఆట నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ప్రకటనల్లో కనిపించినా రెండేళ్లు, యాభై లక్షలు. ఆ ప్రకటనల సెక్షను చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. నెలకు పదిహేను వేలు సంపాదించే పిల్లవాడికి సినిమావాళ్లు, క్రికెటర్లు కనబడి ఆశ పెట్టడం ఎప్పుడో ఆగాల్సింది.

సైటు అడుగున ‘కురసావ్ లైసెన్సు’ అని ముద్ర ఉందని మీరు అనవచ్చు. కురసావ్ అంటే వెనిజులా తీరానికి దగ్గర్లో ఉన్న చిన్న దీవి. అక్కడ చాలాకాలం కొద్దిమంది పెద్ద లైసెన్సుదారులే ఉప లైసెన్సులు పంచుతూ వచ్చారు. కొత్త చట్టం 2024 డిసెంబరులోగానీ అమలులోకి రాలేదు. ఆ ముద్ర మీద నొక్కి చూడండి. నియంత్రణ సంస్థ పేజీ తెరుచుకుని అందులో ఈ సైటు పేరు కనబడకపోతే అది వట్టి బొమ్మ. కనబడితే అక్కడికి మెయిల్ పెట్టండి, కానీ ఆ ఆశతో ఇంకో రూపాయి మాత్రం కట్టకండి.

ఎందుకంటే తర్వాతి మెట్టు అదే. ఆ కుర్రాడికి మిగిలిన అరవై వేల మీద 30 శాతం పన్ను, అంటే పద్దెనిమిది వేలు, ముందుగా కడితే మొత్తం విడుదల చేస్తామని టెలిగ్రామ్‌లో తెలుగులోనే మెసేజ్ వచ్చింది. భార్య గొలుసు తాకట్టు పెట్టడానికి బయలుదేరుతుంటే ఆపి కూర్చోబెట్టాను. ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్ 2023 ఏప్రిల్ 1 నుంచి ఉన్న మాట నిజమే. కానీ అది ఇచ్చేవాడు కోసుకుని ఇవ్వాల్సింది, గెలిచినవాడు ముందు కట్టేది కాదు. కోసినది మన పాన్ మీద, ఆదాయపు పన్ను శాఖ చూపించే 26ఏఎస్ అనే పన్ను పద్దుల పత్రంలో కనబడుతుంది. అతనిది తెరిచి చూపించాను, ఒక్క పద్దు కూడా లేదు. కట్టనని జవాబు పెట్టగానే ఖాతా మూసేశారు. అరవై వేలూ పోయాయి, గొలుసు మాత్రం ఇంట్లో ఉంది.

మీరు ఇప్పటికే పన్ను, ఫీజు, ధరావతు పేరిట ఏదైనా కట్టి ఉంటే అది మోసం. ఈ రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లావాదేవీ నంబర్లతో సైబర్ క్రైమ్ స్టేషన్‌కు వెళ్లండి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

వాళ్లు డబ్బు వేసినా నిశ్చింతగా ఉండకండి. కంపెనీ పేరుతో కాకుండా ఎవరో ముక్కూమొహం తెలియని వ్యక్తి ఖాతా నుంచి యూపీఐలో వచ్చిందంటే, అది ఇంకొకరిని మోసం చేసి తెచ్చిన సొమ్ము కావచ్చు. ఆ బాధితుడు వేరే రాష్ట్రంలో కేసు పెడితే, పోలీసులు రాసిన లేఖతో మీ ఖాతా కూడా స్తంభిస్తుంది. జీతం, ఇంటి అద్దె, పిల్లల ఫీజు అన్నీ అందులోనే ఉంటే ఎంత నరకమో ఊహించుకోండి. ఆ ఖాతాలోంచి జీతాన్ని ఇప్పుడే వేరే బ్యాంకుకు మార్చుకోండి.

మీరు పంపిన ఆధార్, పాన్, ఫొటో ఇప్పుడు వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేయండి. క్రెడిట్ రిపోర్టు ఏడాదికి ఒకటి ఉచితంగా ఇస్తారు. అది తెప్పించుకుని, మీరు తీసుకోని అప్పు మీ పేరున ఉందేమో చూసుకోండి. ఉంటే ఆ కాగితాన్ని కూడా ఫిర్యాదుకు జతచేయండి.