మార్చిన మోకాలిలో మానని నొప్పి

చెల్లెమ్మకు ఆశీస్సులు.

ఆపరేషన్ జరిగి ఏడాది దాటినా మోకాలి నొప్పి వదలడం లేదని, ఇంట్లోవాళ్లు అదంతా నీ భయమేనంటున్నారని రాశావు. అది భయం కాదమ్మా. మోకాలు మార్పిడి చేయించుకున్నవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి నెలలు గడిచినా చెప్పుకోదగ్గ నొప్పి మిగులుతుంది. మచ్చ పక్కన తిమ్మిరి, మొదటి నెలల్లో వేడి, వాపు సహజమే. ఏడాది తర్వాతా బాధిస్తున్న నొప్పికి మాత్రం కారణం వెతికించవలసిందే.

డాక్టరును కలిసే ముందు నొప్పి తీరును కాగితం మీద వివరంగా రాసుకో. కూర్చుని లేచిన తొలి అడుగుల్లోనే పోటు వచ్చి నడిచేకొద్దీ సర్దుకుంటుంటే, అమర్చిన భాగం ఎముక మీద పట్టు వదిలిందేమోనని చూస్తారు. విశ్రాంతిలోనూ, రాత్రివేళల్లోనూ విడవకుండా ఉంటే ఇన్ఫెక్షన్‌ను అనుమానిస్తారు. మెట్లు దిగేటప్పుడు ముందువైపు నొస్తే మోకాలిచిప్పను, కాలు పట్టు తప్పుతున్నట్లుంటే కీలు వదులును పరీక్షిస్తారు. కొన్నాళ్లు హాయిగా ఉండి తిరిగి మొదలైందా, మొదటినుంచీ అసలు పోనేలేదా అన్నది తప్పక చెప్పు. మొదటినుంచీ తగ్గని నొప్పికి మూలం ఒక్కోసారి తుంటిలోనో వెన్నులోనో ఉంటుంది కనుక, వాటినీ చూడమని అడుగు. పాత ఎక్స్‌రేలన్నీ వెంట తీసుకెళ్లు. కొత్తవాటితో పోల్చినప్పుడే మార్పు తెలుస్తుంది.

ఇన్ఫెక్షన్ సంగతి తేల్చడానికి ఒంట్లో వాపు ఉందేమో చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేసి, అవసరమైతే కీలులోంచి సూదితో నీరు తీసి కల్చర్‌కు, అంటే క్రిములను పెంచి గుర్తించే పరీక్షకు పంపుతారు. ఆ నీరు తీయకముందే సొంతంగా యాంటీబయాటిక్ వేసుకోకు. వేసుకుంటే లోపల క్రిములున్నా కల్చర్‌లో బయటపడకపోవచ్చు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచిన మాట ఒకటుంది. నొప్పి భరించలేక, కారణం తేలకుండానే రెండో ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. సరిచేయవలసిన లోపమేదో తెలిసి చేసిన ఆపరేషన్‌కూ, తెలియక చేసినదానికీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది. లోపం తెలియక చేసినది తరచుగా నొప్పిని అలాగే మిగులుస్తుంది. అవసరమైతే మరో ఎముకల డాక్టరు అభిప్రాయం తీసుకోవడానికి మొహమాటపడకు.

ఏ లోపమూ కనిపించకపోతే నొప్పి అబద్ధమని కాదు. నరాలే అతిగా స్పందిస్తూ ఉండవచ్చు. అప్పుడు నొప్పి నిపుణులు డ్యులోక్సెటిన్ వంటి మందులు ఇచ్చి చూస్తారు. తొడ కండరానికి బలమిచ్చే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు చెప్పిన మోతాదులోనే చెయ్యి. ఈలోగా జ్వరం వచ్చినా, మోకాలు ఎర్రబడి వాచినా, మచ్చ దగ్గర చీము కనిపించినా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఎదురుచూడక అదేరోజు ఆసుపత్రికి వెళ్లు.

నీ అక్క