రాబిన్ హుడ్ మీద రాస్తున్న మేనకోడలికి

అమ్మడూ, మామయ్య ఆశీస్సులు.

నువ్వు రాబిన్ హుడ్ మీద పుస్తకం మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పగానే గర్వంగా అనిపించింది. మొదటి అధ్యాయం పేరు 'అసలు రాబిన్ ఎవరు' అనేసరికి మాత్రం గుండె గుభేలుమంది.

ఆధారాలను కాలక్రమంలో పేర్చుకో. అది నీకు తెలిసిందే.

ముందు రాబిన్ మీద పాత ఇంగ్లీషు కథాగేయం 'జెస్ట్' చదువు. 1500 ప్రాంతంలో అచ్చయింది, 456 చరణాలు. అందులో రాబిన్ ప్రభువు కాదు, యోమన్, అంటే దొరా కాని, దాసుడూ కాని స్వతంత్రుడు. మకాం యార్క్‌షైర్‌లోని బార్న్స్‌డేల్. రాజు పేరు ఎడ్వర్డ్. ప్రియురాలు మేరియన్ ఊసే లేదు. అప్పుల్లో మునిగిన నైట్‌కి రాబిన్ 400 పౌండ్లు బదులిస్తాడు. పేదలకు మేలు చేశాడన్న మాట చివర్లో వస్తుంది, అంతే. అతన్ని మొదటి రిచర్డ్ రాజు కాలానికి జరిపింది 1521లో చరిత్రకారుడు జాన్ మేజర్. హంటింగ్టన్ ప్రభువుని చేసింది 1598లో ఆంథొనీ మండే నాటకాలు. ఇంగ్లండ్ పాత జనం శాక్సన్లకీ, వాళ్లని జయించిన నార్మన్లకీ మధ్య వైరంలోకి దించింది 1819 చివర్లో వచ్చిన స్కాట్ నవల 'ఐవాన్‌హో'.

ఇక నా భయం పాత పాటలు సేకరించిన జోసెఫ్ రిట్సన్ గురించి. పాత పాటల్ని అచ్చువేస్తూ సొంతంగా దిద్దాడని బిషప్ పెర్సీని చీల్చి చెండాడిన మనిషి. 1795లో రాబిన్ పాటలన్నీ రెండు సంపుటాలుగా వేశాడు. పాటల మూలపాఠం విషయంలో అంత నిక్కచ్చి మనిషి, ముందు చేర్చిన జీవితచరిత్రలో పురావస్తు పరిశోధకుడు స్టూక్లీ 1746లో అల్లిన వంశవృక్షాన్ని నమ్మి, రాబిన్ అసలు పేరు రాబర్ట్ ఫిట్జూత్ అని రాసేశాడు. ఫ్రెంచి విప్లవాన్ని అభిమానించినవాడు కాబట్టి, అతని రాబిన్ దొరల మీద తిరగబడే స్వేచ్ఛావీరుడు కూడా అయ్యాడు. సంపుటాల్లో పాటలు గట్టివి గనుక, ముందున్న జీవితచరిత్రా గట్టిదే అనుకున్నారు. స్కాట్ చదివిందీ ఆ రిట్సన్‌నే. అలా ఒకరి ఊహ ఇంకొకరికి ఆధారమైపోయింది. ఇంత చదివి నువ్వూ అదే గోతిలో పడితే ఊరుకోను, తల్లీ!

అందుకే కాగితం మీద మూడు గళ్లు గియ్యి: ఏ ఏడు, ఎవరు చెప్పారు, వారికి ఎక్కడిది. మూడోది ఖాళీగా ఉన్న మాటను రాబిన్ చరిత్రగా రాయకు. చెప్పినవాడి కాలం గురించి రాయి. స్టూక్లీ గడిలో ఏం పడుతుందో చూడు, మండే గడిలో ఏం పడుతుందో చూడు. నీ పుస్తకం అక్కడుంది. రాబిన్ కేవలం బల్లాడ్ల, అంటే జానపద కథాగేయాల, సృష్టి అని 1888లో వాటి పండితుడు ఛైల్డ్ తేల్చాడు. ఒప్పుకోకపోయినా సరే, ఆయనకు జవాబు చెప్పకుండా దాటిపోకు.

అధ్యాయం పేరు మార్చి, ఆ గళ్ల కాగితం ముందు నాకు పంపు. రాత్రిళ్లు మేలుకుని కళ్లు పాడుచేసుకోకు.

మీ మామయ్య