టీనేజీ పిల్లలతో కూర్చుని చూసి, న్యాయం గురించి మాట్లాడుకోదగ్గ తెలుగు సినిమా ఏదైనా చెప్తారా?

‘కోర్ట్: స్టేట్ వర్సెస్ ఎ నోబడీ’ చూపించండి. 2025 మార్చిలో వచ్చింది. 2013 నాటి విశాఖ కథ: 19 ఏళ్ళ వాచ్‌మన్ కొడుకు, 17 ఏళ్ళ అమ్మాయి, పరువు కోసం ఆ అమ్మాయి బంధువు మంగపతి ఆ కుర్రాడి మీద పెట్టించే పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద కేసు.

మా అబ్బాయి ఇంటర్, అమ్మాయి తొమ్మిదో తరగతి. వాడికి ఒక ఆదివారం ఖాళీ దొరకడమే గగనం. ఈ కాలేజీలు ఆదివారాలు కూడా పరీక్షలు పెట్టి పిల్లల్ని పీల్చేస్తున్నాయి, ఇంక వాళ్ళు మనతో మాట్లాడేదెప్పుడు?

సగం సినిమాలో మావాడు "అసలీ చట్టమే తీసెయ్యాలమ్మా" అన్నాడు. వెంటనే ఆపేశాను. మీరూ అంతే చెయ్యండి, పిల్లలు నోరు విప్పాక సినిమా ముఖ్యం కాదు. 18 నిండని పిల్లల కోసం 2012లో తెచ్చిన చట్టమది. "తను ఒప్పుకుంది" అని తప్పించుకోవడానికి వీల్లేకుండా, ఆ వయసులో ఒప్పుకున్నా చెల్లదని పెట్టారు. అది లేకపోతే ఎందరు పసిపిల్లల గోడు గాలికి పోయేదో చెప్పాను. "మరి ఈ అబ్బాయి గోడో?" అన్నాడు వాడు. అరగంట వాదించుకున్నాం. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు గిన్నెలోనే చల్లారిపోయాయి.

అప్పటిదాకా కిక్కురుమనకుండా కూర్చున్న మా అమ్మాయి అంది: "మంగపతిది కోపం కాదమ్మా, నలుగురూ ఏమనుకుంటారోనని భయం. నీక్కూడా అదే భయం. నాకు క్లాస్‌లో అబ్బాయి మెసేజ్ పెట్టాడని వాళ్ళమ్మకి ఫోన్ చేసి అరిచావు. వాడడిగింది లెక్కల నోట్సు. నువ్వు చదివావా?"

చదవలేదు. పేరు చూసి ఫోన్ లాక్కున్నాను, అంతే. ఆ రోజు ఆ కుర్రాణ్ణి వాళ్ళ నాన్న బెల్టుతో కొట్టాడట. ఏడాదిగా అది మా అమ్మాయి కడుపులో పెట్టుకుని తిరుగుతోంది.

విలన్‌ని నరికితే ఈలలేసే సినిమాలకి పిల్లల్ని తీసుకెళ్తాం కదా, అక్కడ ఏ పిల్లా ఇలా అడగదు. అందుకే ఆ సినిమాలంటే నాకు మంట. చెడ్డవాడెప్పుడూ ఎవడో పరాయివాడే అక్కడ.

మర్నాడు పొద్దున్నే ఆ అబ్బాయి వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తాక "తప్పు నాదండీ, బాబుతో ఒక్కసారి మాట్లాడనివ్వండి" అన్నాను. మా అమ్మాయి పక్కనే నిలబడి వింది. మిగతా సగం సినిమా వారం తర్వాత చూశాం.