చెక్కపని: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వంటింటి గట్టు కింద కడప బండలు నిలబెట్టి గడులు చేయించాం. ఒక్కో గడి వెడల్పు 24 అంగుళాలు. మా ఆచారి టేకు ఫ్రేమ్ బిగించి తలుపులు పెడతానంటున్నాడు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయేమో ఫ్రేములు పాతకాలం పని, ప్లైవుడ్ డబ్బాలు చేయించు, చోటు కలిసొస్తుంది అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: బండలు నిలబెట్టకముందు అడిగుంటే మీ అబ్బాయి వైపే మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ఆచారి మాట వినండమ్మా.

చోటు లెక్కే చూడండి. బండ ఎంత జాగ్రత్తగా నిలబెట్టినా కొంచెం అటో ఇటో వాలుతుంది కాబట్టి, గడిలో దూరే డబ్బా 23½ అంగుళాలు మించకూడదు. అందులో రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పోతే లోపల మిగిలేది 22 అంగుళాలే. అదే అంగుళం మందం బండ అంచుకు రెండున్నర అంగుళాల ఫ్రేమ్ చెక్కను సరిగ్గా మధ్యలో బిగిస్తే, ఇటు ముప్పావు, అటు ముప్పావు పొడుచుకొస్తుంది. తలుపు తీస్తే 22½ అంగుళాల దారి, లోపల మొత్తం 24. డబ్బాలతో చోటు కలిసొచ్చేది బండలు లేని వంటింట్లో.

ఇంకో సంగతి. మడతబందులకు చెక్క కావాలి. బండ అంచున స్క్రూ దించబోతే పెచ్చు లేస్తుంది.

ఫ్రేమ్‌కు బాగా ఆరిన టేకే వాడమనండి. పచ్చిదైతే మన ఎండలకు మూలలు నోరు తెరుస్తాయి. మూలలు కుసి కొట్టి (ఒక చెక్క కొసను నాలుకలా చెక్కి, రెండోదాని తొలిలో దించి) కలపాలి, ఉత్త మేకులతో కాదు. తలుపులు ప్లైవుడ్‌తో చేయించండి. చెక్క పలకలు జోడించి చేస్తే అడ్డంగా ఎండకు కుంచించుకుపోతాయి, వానకు ఉబ్బి పట్టేస్తాయి. పొడవులో అంత తేడా రాదు.

సొరుగులు పెట్టే గడి ఒక్కటీ వేరు. ఫ్రేమ్ లోపలికి పొడుచుకొస్తుంది కదా, చానెల్‌కు (సొరుగు జారే ఇనప పట్టాకు) వెనక, బండ వైపున ముప్పావు అంగుళం చెక్క పట్టీ వేయకపోతే సొరుగు ఫ్రేమ్‌కు తగిలి బయటికి రాదు. బండకు ఆ పట్టీ బిగించడం ఇంకో తలనొప్పి. ఆ గడిలో డబ్బానే పెట్టించండి, చానెళ్లు నేరుగా పక్క చెక్కలకే పడతాయి. ప్లైవుడ్ షీటు మీద ఐఎస్ 710 ముద్ర (నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గుర్తు) చూసి కొనండి. పండగలకు బిందెలతో నీళ్లు పోసి కడిగే ఇళ్లు మనవి, కోసిన అంచులన్నీ, కనపడనివి కూడా, మూయించాలి.

గట్టు పైన గోడకు వేలాడేవి మీ అబ్బాయి చెప్పినట్టే డబ్బాలుగా చేయించండి. టైల్స్ పని పూర్తయ్యాకే ఆచారిని కొలతలు తీసుకోమనండి.