విశ్వం చల్లారినప్పటి చప్పుడు

ప్రశ్న: బిగ్ బ్యాంగ్ జరిగిన వెంటనే విశ్వం ఎసరులా మరిగిందనీ, ఆ బుడగల వల్ల పుట్టిన గురుత్వ తరంగాలు ఇప్పటికీ మన చుట్టూ ఉన్నాయనీ ఒక వీడియోలో విన్నాను. ఇది రుజువైందా, లేక ఊహేనా?
– ఎం.ఎస్సీ. విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఊహేనండీ, కానీ లెక్కలు కట్టి పరీక్షకు పెట్టగలిగిన ఊహ. గురుత్వ తరంగాలంటే స్థలకాలంలో లేచే అలలు. వీడియోలో చెప్పినదానికి ఒక సవరణ: విశ్వం మరగలేదు, చల్లారింది. ఎసరు గిన్నె మీది మూత తిప్పి చూడండి. ఆవిరి చల్లబడి నీరవుతున్నప్పుడు మూతంతా ఒక్కసారే తడవదు, అక్కడొక బొట్టు ఇక్కడొక బొట్టు పుట్టి, పెరిగి, పక్కదాన్ని తాకి కలిసిపోతాయి. తొలి విశ్వంలో కూడా కొత్త స్థితి ఇలాగే బుడగలు బుడగలుగా పుట్టి, వాటి గోడలు మహా వేగంతో దూసుకెళ్లి ఢీకొని ఉండొచ్చు. ఇలాంటి మార్పునే ఫస్ట్ ఆర్డర్ ఫేజ్ ట్రాన్సిషన్ అంటారు. దాన్నుంచి గురుత్వ తరంగాలు వస్తాయని భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విటెన్ 1984లోనే రాశారు.

బుడగ ఒక్కటే ఉంటే, ఎంత పెద్దదైనా తరంగం రాదు, ఎందుకంటే అది అన్ని వైపులా సమానంగా పెరుగుతుంది. రెండు ఢీకొని ఆ గుండ్రదనం చెడితేనే స్థలకాలం కదులుతుంది. నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. బుడగలన్నీ కలిసిపోయాక కూడా కథ అయిపోదు, అవి తోసిన వేడి ప్లాస్మాలో, అంటే అప్పటి కణాల ద్రవంలో, అలలు చాలాసేపు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి, గుద్దుకోవడం కంటే ఆ అలల నుంచే ఎక్కువ గురుత్వ తరంగాలు రావచ్చని మార్క్ హిండ్‌మార్ష్ బృందం 2014లో కంప్యూటర్ లెక్కలతో చూపించింది. ఆ అలలు అచ్చంగా ధ్వని తరంగాలే, వేగం మాత్రం సెకనుకు సుమారు 1,73,000 కిలోమీటర్లు. కాబట్టి చప్పుడు అనడం తప్పేమీ కాదు.

అసలు చిక్కు ఇప్పుడు చెప్తాను. హిగ్స్ క్షేత్రం కణాలకు ద్రవ్యరాశి ఇచ్చిన ఘట్టం, అంటే సెకనులో పదివేల కోట్లో వంతు దగ్గర జరిగినది, ఇలాంటి బుడగల ఘట్టమే అయ్యుండొచ్చని చాలా కాలం అనుకున్నారు. కానీ 2012లో దొరికిన హిగ్స్ కణం బరువు 125 జీఈవీ (కణాల బరువుకు వాడే కొలత), అంత బరువుంటే మనకు తెలిసిన సిద్ధాంతం ప్రకారం బుడగలే రావు. ఎండకు పెట్టిన వెన్న మెత్తబడినట్టు నెమ్మదిగా, అంతటా ఒకేసారి మారిపోతుంది. అంటే ఇప్పటి సిద్ధాంతం చెప్పేది నిశ్శబ్దం! ఆ చప్పుడు గనక వినపడిందంటే మనకు తెలియని కణాలో బలాలో ఉన్నట్టే. పదార్థం మాత్రమే మిగిలి ప్రతిపదార్థం ఎందుకు కనపడకుండా పోయిందన్న ప్రశ్నకు కూడా అక్కడ దారి దొరకొచ్చు. వెతకడం ఎందుకంటే ఇందుకే.

ప్రశ్న: లైగో 2015లోనే గురుత్వ తరంగాలను పట్టుకుంది కదా, మరి వీటిని ఎందుకు పట్టుకోలేదు?
– మెడికల్ షాపు యజమాని, కర్నూలు

జవాబు: సైజు తేడా. హిగ్స్ ఘట్టం నాటికి కాంతి ప్రయాణించిన దూరం కొన్ని మిల్లీమీటర్లే, కాబట్టి అప్పుడు పుట్టిన తరంగం ఆవగింజ కంటే చిన్నది. విశ్వం వ్యాకోచించడంతో అదే తరంగం ఇప్పుడు కోట్ల కిలోమీటర్లకు సాగిపోయి ఉంటుంది. అమెరికాలోని లైగో పరికరం చేతులు 4 కిలోమీటర్లు, పైగా భూమి కదలికల వల్ల అంత నెమ్మది తరంగాలు నేల మీద వినపడవు. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో రాబోయే లైగో-ఇండియాకూ ఇదే పరిమితి. అందుకే అంతరిక్షంలో పెట్టబోయే లీసా. మూడు వ్యోమనౌకలు, ఒకదానికొకటి 25 లక్షల కిలోమీటర్ల దూరంలో. ఐరోపా అంతరిక్ష సంస్థ 2024 జనవరిలో దీనికి ఆమోదం తెలిపింది, ప్రయోగం 2035లో అనుకుంటున్నారు. అయితే మన గెలాక్సీలోని లక్షలాది తెల్ల మరుగుజ్జు నక్షత్రాల (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రాల) జంటల రొద కూడా అక్కడే వినిపిస్తుంది, దాన్ని తీసేసి మిగిలింది చూడాలి.

ప్రశ్న: 2023లో పల్సార్ల ద్వారా దొరికాయన్న తరంగాలు ఇవేనా?
– రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఖమ్మం

జవాబు: అయ్యుండొచ్చు గానీ, ఎక్కువమంది మొగ్గు గెలాక్సీల కేంద్రాల్లో ఉండే భారీ కృష్ణబిలాల జంటల వైపే ఉంది మాస్టారూ. పల్సార్లంటే గడియారంలా క్రమం తప్పక రేడియో మిణుకులు పంపే నక్షత్రాలు, ఆ మిణుకులు వచ్చే వేళల్లో తేడాను బట్టి తరంగాలను పసిగడతారు. ఆ పనిలో పుణె దగ్గరి జీఎంఆర్‌టీ టెలిస్కోపు డేటా కూడా ఉంది, ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులూ ఉన్నారు. ఒక తరంగం లేచి పడడానికి ఏళ్లు పట్టే నెమ్మది తరంగాలవి, కాబట్టి తొలి విశ్వం నుంచి వచ్చినవైతే హిగ్స్ ఘట్టం కంటే చాలా తర్వాత, విశ్వం మరింత చల్లబడ్డాక పుట్టినవై ఉండాలి. తేడా పట్టుకునే దారి ఒకటుంది. కృష్ణబిలాలైతే దగ్గరున్న జంటల వైపు ఆకాశం కాస్త గట్టిగా పలుకుతుంది, తొలి విశ్వమైతే అన్ని దిక్కులా దాదాపు ఒకేలా ఉంటుంది. ఏ దిక్కున ఎక్కువుందో ఇప్పుడు వెతుకుతున్నారు.