ఇల్లు కొనేముందు వాననీళ్ళు ఎటు పోతాయో చూడండి

అమెరికాలో ఇల్లు చూడ్డానికి వెళ్తే మనవాళ్ళు ముందు స్కూల్ రేటింగు అడుగుతారు, తర్వాత తూర్పు వాకిలా కాదా అని చూస్తారు. ఈ రెండింటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. పెద్ద వాన పడితే ఆ వీధిలో నీళ్ళు ఎటు పోతాయి?

అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ ఫెమా పెట్టిన ఫ్లడ్ మ్యాపులో అడ్రసు కొడితే ఉచితంగానే తెలుస్తుంది. ఏటా ఒక్క శాతం ముప్పు అని రాసుంటే తేలిగ్గా తీసుకోకండి. 30 ఏళ్ళ లోను తీరేలోపు అది 26 శాతం అవుతుంది. ముప్పు తక్కువని మ్యాపులో ‘జోన్ ఎక్స్’ అని రాసుంటే చూసి నిశ్చింతగా ఉండడమూ తప్పే. బ్యాంకు ఫ్లడ్ ఇన్సూరెన్స్ కట్టమని పట్టుబట్టదు, దానర్థం అంతవరకే. 2017లో హార్వీ తుపాను వచ్చినప్పుడు టెక్సస్‌లోని హ్యూస్టన్ చుట్టుపక్కల మునిగిన ఇళ్ళలో సగానికి పైగా మ్యాపులో వందేళ్ళ వరద గీతకు (ఆ ఏటా ఒక్క శాతం ముప్పున్న ప్రాంతం హద్దుకు) అవతలున్నవే. హ్యూస్టన్ పక్కనున్న కేటీ ఊరి దగ్గర బార్కర్ రిజర్వాయరు మామూలు రోజుల్లో ఎండిపోయి పార్కులా ఉంటుంది. అది నిండితే నీళ్ళు వెనక్కి తన్ని చేరే చోట కాలనీలు కట్టేశారు. అందుకే టెక్సస్‌లో అమ్మేవాళ్ళు ఇచ్చే డిస్‌క్లోజర్ కాగితాన్ని వరుసవరుసా చదవండి. ఇల్లు ఇదివరకు మునిగిందా, రిజర్వాయరు ముంపు పరిధిలో ఉందా అన్నది 2019 నుంచి వాళ్ళు అందులో చెప్పి తీరాలి. పక్కింటివాళ్ళనీ అడగండి, దాచుకోకుండా చెప్తారు.

మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరద నష్టానికి డబ్బివ్వదు, అద్దెకున్నవాళ్ళ రెంటర్స్ పాలసీ కూడా అంతే. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ విడిగా తీసుకోవాలి. అది సాధారణంగా 30 రోజులకి గానీ అమల్లోకి రాదు కాబట్టి తుపాను మెక్సికో గల్ఫ్ సముద్రంలోకి వచ్చాక ఏజెంటుకి ఫోన్ చేసి లాభం లేదు. కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళు కార్చిచ్చు మ్యాపు చూడండి. అక్కడ భూకంపానికీ పాలసీ వేరే.

ఇక ఇల్లు తన కాళ్ళమీద ఎన్నాళ్ళు నిలబడగలదో చూసుకోండి. 2021 ఫిబ్రవరి చలికి టెక్సస్‌లో 40 లక్షలకు పైగా ఇళ్ళకు కరెంటు పోయింది, పైపులు పగిలి ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో, ఎటు తిప్పితే కట్టవుతుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మనిషికి రోజుకో గ్యాలన్ చొప్పున నీళ్ళు, తప్పనిసరిగా వాడే మందులు కొన్నాళ్ళకి సరిపడా ఉంచుకోండి. పెరట్లో గోంగూర, బెండ వేసుకోండి, సంతోషమే. కానీ అలాంటి వారం గట్టెక్కించేది నీళ్ళూ మందులే.

సోలార్ పెట్టించాం, మాకేం భయం లేదు అని చాలామంది అంటుంటారు. బ్యాటరీ లేకపోతే వీధి కరెంటు (గ్రిడ్) పోగానే మామూలు సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్‌మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకుండా అలా అమర్చారు. అందుకని జనరేటర్ కొంటే మాత్రం, గరాజు తలుపు బార్లా తీసి ఉన్నా సరే లోపల నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆరుబయట, ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టండి.