పడకగదిలో కోడిగుడ్లు, రీటా లెవీ మొంటాల్చినీ

"పెద్ద ల్యాబు, ఖరీదైన మెషిన్లు లేకుండా నాడీశాస్త్రంలో గొప్ప పని చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని బీఎస్సీ జువాలజీ చదువుతున్న మీ చెల్లెలు అడిగిందని రాశారు. ఉన్నారు. ఇటలీకి చెందిన రీటా లెవీ మొంటాల్చినీ. డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు దాటింది, కోడి పిండం పాఠం వచ్చిన ప్రతిసారీ ఆవిడ గురించి చెప్పకుండా నేను ముందుకు పోలేను.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను బీఎస్సీలో ఉన్నప్పుడు పిండం ప్రాక్టికల్ కోసం బజారులో కొన్న గుడ్లు ఇంక్యుబేటర్‌లో పెట్టి మూడు రోజులు కాచుకుని కూర్చున్నాం. పగలగొడితే పచ్చసొన తప్ప ఏమీ లేదు. ఇంటికెళ్లి చెబితే మా అమ్మమ్మ, "పుంజు లేని చోట పెట్టిన గుడ్డులో పిల్ల ఎట్లా వస్తదే?" అంది. పుంజు తిరిగే ఇంటి నాటుగుడ్లు డజను ఏరి, బకెట్‌లో ఊక పోసి, మధ్యమధ్యలో సర్ది బస్సెక్కించింది. వాటిలో ఒకదాన్ని 72 గంటలకు తెరిచాను. సొన మీద సన్నని ఎర్ర రక్తనాళాల వల, దాని నడుమ గుండె టపటపా కొట్టుకుంటోంది. పిండం పక్కన కాలు రావలసిన చోట చిన్న మొగ్గ, ఆవగింజలో సగం కూడా ఉండదు. రీటా జీవితమంతా ఆ మొగ్గ చుట్టూ తిరిగిందని అప్పటికి నాకు తెలియదు.

1909లో టూరిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. కవల చెల్లెలు పావొలా చిత్రకారిణి అయింది. ఆడపిల్ల ఉద్యోగంలో పడితే సంసారం సాగదని తండ్రి నమ్మకం. తమను పెంచిన ఆయా క్యాన్సర్‌తో చనిపోవడం చూశాక, ఎలాగైనా డాక్టర్ చదవాలని రీటా పట్టుబట్టారు. లాటిన్, గ్రీకు, లెక్కలు ఎనిమిది నెలల్లో నేర్చుకుని మెడిసిన్‌లో చేరారు. గురువు జుసెప్పె లెవీ. ఆయన దగ్గర చదివిన లూరియా, డుల్బెకో, రీటా ముగ్గురికీ తర్వాత నోబెల్ వచ్చింది!

1938లో ముస్సోలినీ ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాలతో యూదులకు యూనివర్సిటీ తలుపులు మూసుకుపోయాయి. రీటా కొన్నాళ్లు బ్రస్సెల్స్‌లో పనిచేసి, జర్మన్ సైన్యం రాకముందే టూరిన్ తిరిగొచ్చి తన పడకగదినే ల్యాబుగా మార్చుకున్నారు. కుట్టుసూదులు నూరి కత్తులు చేసుకున్నారు. గడియారాలు బాగుచేసేవాళ్లు వాడే చిమటా, ఒక మైక్రోస్కోపు, ఒక ఇంక్యుబేటర్. అంతే. బాంబులు పడుతుంటే పల్లెటూరికి మారి, అక్కడ సైకిలు మీద రైతుల ఇళ్లకు వెళ్లి "మా పిల్లలకు" అని గుడ్లు అడిగేవారు. పుంజు ఉందా అని కూడా ఆరా తీసేవారు. ఈ మాట చదివినప్పుడు మా అమ్మమ్మ బకెట్ కళ్లముందు మెదిలి నాకు కన్నీళ్లు ఆగలేదు.

సామాను తక్కువైనా పని జరిగిందంటే కారణం ఆవిడ పట్టుకున్న ప్రశ్న. మీ చెల్లెలికి నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. పిండంలో రెక్క మొగ్గను కోసేస్తే, ఆ వైపు వెన్నుపాములోనూ దాని పక్కనున్న నాడీముడుల్లోనూ (నాడీకణాల గుంపులు) కణాలు తగ్గిపోతాయని పిండశాస్త్రవేత్త విక్టర్ హాంబర్గర్ 1934లో రాశారు. రెక్క నుంచి కబురు అందక కొత్త నాడీకణాలు తయారుకావని ఆయన అనుకున్నారు. రీటా కాలి మొగ్గలు కోశారు. కానీ ఒక్కసారి చూసి ఊరుకోలేదు. వేర్వేరు వయసుల్లో పిండాలు తీసి, పలుచగా కోసి, వెండి లవణంతో రంగు పట్టించి, కణాలు లెక్కపెడుతూ పోయారు. కణాలు మామూలుగానే పుట్టాయి, పోగులు చాచుకుంటూ కాలి వైపు వెళ్లాయి, ఆ తర్వాత చచ్చిపోయాయి. అంటే కాలు వాటిని పుట్టించడం లేదు, బతికిస్తోంది. ఈ తేడా తెలియడానికి కావలసింది సూదులు, గుడ్లు, ఓపిక. అప్పట్లో ఇటలీలో యూదుల పేపర్లు వేసేవారు కాదు కాబట్టి ఆవిడ పేపరు బెల్జియం పత్రికలో అచ్చయింది.

యుద్ధం ముగిశాక ఆ పేపరు చదివిన హాంబర్గర్, తనతో విభేదించిన మనిషినే అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు పిలిచారు. 1947లో కొద్ది నెలలకని వెళ్లి ముప్పై ఏళ్లు అక్కడి యూనివర్సిటీలో పనిచేశారు. ఒకరకం ఎలుక కణితిని పిండంలో నాటితే నాడీపోగులు విపరీతంగా పెరగడం అక్కడే చూశారు. 1952లో ఆ కణితి ఉన్న ఎలుకల్ని వెంటబెట్టుకుని రియో డి జనీరో వెళ్లి, గాజు పాత్రలో నాడీముడి పక్కన కణితి ముక్క పెడితే, సూర్యకిరణాల్లా చుట్టూ పోగులు మొలిచాయి. కణితి వదులుతున్న ఆ పదార్థమేమిటో తేల్చే పనిలో జీవరసాయన శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ పాము విషం వాడారు, అందులోని ఎంజైము న్యూక్లియిక్ ఆమ్లాల్ని (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ) విరగ్గొడుతుంది కాబట్టి ఆ పదార్థం న్యూక్లియిక్ ఆమ్లమో కాదో తేలుతుందని. తీరా చూస్తే విషంలోనే ఆ పదార్థం ఇంకా ఎక్కువగా ఉంది! విషగ్రంథి లాలాజల గ్రంథి లాంటిదే కదా అని ఎలుక లాలాజల గ్రంథిని పరీక్షిస్తే అక్కడా పుష్కలం. అదే నాడీ వృద్ధి కారకం, ఎన్‌జీఎఫ్.

1986లో రీటాకు, కోహెన్‌కు నోబెల్ ఇచ్చారు. ముగ్గురికి ఇవ్వొచ్చు, మూడో చోటు ఖాళీగా ఉంది. అది హాంబర్గర్‌కు దక్కాల్సింది. ఇది నా గట్టి అభిప్రాయం.

2001లో ఇటలీ ఆవిడను జీవితకాల సెనేటర్‌ని చేసింది. పెళ్లి చేసుకోలేదు. 2012లో రోమ్‌లో, 103 ఏళ్ల వయసులో పోయారు. నాడులు దెబ్బతిని కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర (కార్నియా) పుండ్లు పడే జబ్బుకు ఎన్‌జీఎఫ్‌తో చేసిన చుక్కల మందు 2018లో అమెరికాలో అనుమతి పొందింది.

మీ చెల్లెలు పిండం ప్రాక్టికల్ చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. సెలైన్ గోరువెచ్చగా ఉండాలి. చల్లటిది పోస్తే గుండె మందగిస్తుంది, కాలి మొగ్గను తీరిగ్గా చూసే వ్యవధి ఉండదు.